బజ్జీకి పది నిమిషాలు

2023 ఫిబ్రవరి. తిరుపతిలో ఒక షుగర్ ఆసుపత్రిలో డైటీషియన్‌గా అది నాకు పదిహేడో ఏడు. డైటీషియన్ అంటే రోగి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే మనిషి. మా పేషెంట్లు మాత్రం నన్ను "అన్నం తినొద్దనే మేడం" అంటారు. డాక్టర్‌గారి గదిలో చేతులు కట్టుకుని కూర్చున్న మనిషే నా గదిలోకి వచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి, "రాగి సంగటి తినొచ్చు కదా" అని మొదలుపెడతాడు. తినొచ్చు స్వామీ, పిడికెడంత ముద్ద తినొచ్చు. కొబ్బరికాయంత ముద్దలు రెండు లాగించేస్తే అది రాగి అయినా ఒకటే, బియ్యం అయినా ఒకటే. ఈ ముక్క రోజుకు ఇరవైసార్లు చెబుతాను. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది కానీ, వినీ వినీ వాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

ఆ ఏడాది మొదట్లో మా పెద్ద డాక్టర్‌గారికి ధ్యానం మీద గురి కుదిరింది. ఎక్కడో వైద్యుల సదస్సుకు వెళ్ళి వచ్చి, రెండో అంతస్తులో పాత మంచాలు పడేసిన గదిని ఖాళీ చేయించి, చాపలు పరిపించి, నన్ను చెన్నైకి రెండు రోజుల శిక్షణకు పంపారు. సణుక్కుంటూనే వెళ్ళాను. కప్పు అన్నం అంటే ఏ కప్పో నేర్పడానికే నా గొంతు పోతుంటే, ఇక వీళ్ళకు కళ్ళు మూసుకోవడం కూడా నేను నేర్పాలా అనిపించింది.

కానీ అక్కడ చెప్పింది వినదగ్గ మాటే. ఆకలి లేకపోయినా ఫలానాది తిని తీరాలనిపించడాన్ని మా వృత్తిలో క్రేవింగ్ అంటాం. మన ఇళ్ళల్లో తిండి యావ అంటారు, అదే సరైన మాట. ఆ యావ పుట్టగానే దానితో కొట్లాడకుండా, దానికి లొంగిపోకుండా, ఐదు నిమిషాలు కూర్చోవాలి. ఊపిరి మీద దృష్టి పెట్టాలి. యావ నోట్లో ఉందా, పొట్టలో ఉందా, గుండెల్లో ఉందా గమనించాలి. చాలాసార్లు అది దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే కొంచెం తినొచ్చు, కానీ తింటున్నానని తెలిసి తినాలి. ముందు కూర్చోవడం, తర్వాత నిర్ణయించుకోవడం. ఇంతకు మించి అందులో మర్మం ఏమీ లేదు.

బుధవారం బ్యాచ్ అని పేరు పెట్టి పన్నెండు మందిని పోగుచేశాను. అందులో మొదట చేరిన మనిషి చెంగల్రాయులు. యాభై నాలుగేళ్ళు ఉంటాయి. రేణిగుంటలో ఒక గోడౌన్‌లో లోడింగ్ మేస్త్రీ. శ్రీ సిటీ ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే లారీలను దింపించడం, ఎక్కించడం ఆయన పని. చేతికింద ఎనిమిది మంది హమాలీలు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా కాళ్ళ మీదే ఉంటాడు. గోడౌన్ గేటుకు ఎదురుగా ఒక బజ్జీల బండి ఉంది. లారీకీ లారీకీ మధ్య ఆయన కాళ్ళు వాటంతట అవే ఆ బండి దగ్గరికి పోతాయని ఆయనే చెప్పాడు.

ఆయన ఎడమ కాలి బొటనవేలి కింద ఒక పుండు ఉంది. గోడౌన్‌లో మేకు గుచ్చుకుంది. గుచ్చుకున్న సంగతి సాయంత్రం చెప్పులో తడి తగిలేదాకా ఆయనకు తెలియలేదు. దీన్ని న్యూరోపతి అంటారు, షుగర్ వల్ల నరాలు మొద్దుబారి నొప్పి తెలియకుండా పోవడం. ఇన్సులిన్ మొదలుపెట్టారు, రోజూ కట్టు మార్చుకోమన్నారు, అడుగు మెత్తగా ఉండే ఎంసీఆర్ చెప్పులు వేసుకోమన్నారు. ఇవన్నీ ఆయన చేశాడు. సర్జన్ మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశారు. షుగర్ దిగితే పుండు మానుతుంది. దిగకపోతే వేలు తీయాలి, అక్కడ ఆగకపోతే పాదం తీయాలి. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఉంటుంది, గడిచిన మూడు నెలల షుగర్ సగటును అది బయటపెడుతుంది. ఆయనకు అది పదిన్నర వచ్చింది. ఏడుకు దగ్గరగా దించాలి. గడువు మూడు నెలలు.

"కాలు పోతే నన్ను గోడౌన్ గేటు కాడికి గూడా రానీరు మేడం. మీరు ఏం చెప్తే అది చేస్తా," అన్నాడు చెంగల్రాయులు.

ఆ మాట పదిహేడేళ్ళలో చాలామంది అన్నారు. అన్నవాళ్ళు అన్నట్టే ఇంటికి వెళ్ళి చక్కెర పొంగలి తిన్నారు. కానీ ఈయన పక్కనే ఉన్న భార్య కనకమ్మ ఆ మాటకు కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూసి నాకెందుకో నమ్మకం కలిగింది.

ప్రతి ఒక్కరికీ ఒక నోటు పుస్తకం ఇచ్చాను. నేనే స్కేలు పెట్టి గళ్ళు గీశాను. ఒక గడిలో తేదీ, ఒక గడిలో ధ్యానం ఎన్ని నిమిషాలు చేశారో. యావ పుట్టినప్పుడల్లా కూర్చోండి అని చెప్పాను. పదినిమిషాలు కూర్చోబెట్టి చూపించాను కూడా. ఇద్దరు నిద్రపోయారు, ఒకావిడ మధ్యలో ఫోన్ ఎత్తి కాణిపాకం బస్సు ఎన్నింటికో కనుక్కుంది. చెంగల్రాయులు మాత్రం వెన్ను నిటారుగా పెట్టి చివరిదాకా కదలకుండా కూర్చున్నాడు.

రెండో వారం ఆయన పుస్తకం తెరిచి చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. మిగతావాళ్ళు రోజుకు ఐదు నిమిషాలు, అదీ వారంలో మూడు రోజులు. ఈయన రోజుకు ముప్పై, నలభై. మార్చి గడిచేసరికి యాభై. గోడౌన్‌లో బస్తాల వెనక గోనెసంచి పరుచుకుని కూర్చుంటున్నాడట. హమాలీలు మొదట నవ్వారట, తర్వాత ఆయన కూర్చుంటే మాటలు తగ్గించుకుంటున్నారట. నేను పొంగిపోయాను. దాచుకోవడం ఎందుకు, ఏప్రిల్‌లో ఒక బుధవారం ఆయన్ని ముందు కూర్చోబెట్టి, "ఈయన్ని చూసి నేర్చుకోండి, ఎలా కుదురుతోందో ఈయన్నే అడగండి" అని అందరిచేతా చప్పట్లు కొట్టించాను. ఆయన సిగ్గుపడి తల వంచుకున్నాడు. క్లాసు అయ్యాక నలుగురైదుగురు ఆయన చుట్టూ చేరి ఏవో అడుగుతుంటే, నేను కింద నా గదికి వెళ్ళి ఆయన ఫైల్లో "మెడిటేషన్ కంప్లయన్స్ గుడ్" అని రాశాను. కంప్లయన్స్ అంటే చెప్పింది చెప్పినట్టు చేయడం.

మే నెల చివర రక్తపరీక్ష వచ్చింది. పదిన్నర నుంచి పన్నెండుకు ఎక్కింది.

ల్యాబ్ వాళ్ళతో పోట్లాడాను. శాంపిల్ మారిపోయి ఉంటుందన్నాను. మళ్ళీ తీయించాను, మళ్ళీ పన్నెండే. పెద్ద డాక్టర్‌గారు రిపోర్టు నా ముందు పెట్టి, ఈయన్నే కదా అమ్మా మీరు అందరికీ చూపించింది అన్నారు. ఇంకేమైనా అన్నా బాగుండేది.

మొగుడూ పెళ్ళాలను గదిలో కూర్చోబెట్టి పుస్తకం తెరిచాను. మే నెలలో గంగమ్మ జాతర జరిగిన వారం నిమిషాలు చూస్తే రోజుకు గంటన్నర ఉంది. ఒకరోజు రెండు గంటలు. ఇంత ధ్యానం చేసే మనిషికి షుగర్ ఎలా పెరుగుతుందన్నా, ఈ అంకెలు నిజమేనా అని గట్టిగానే అడిగాను. మనసులో దొంగలెక్కలని తేల్చేసుకున్నాను కూడా.

కనకమ్మకు రోషం వచ్చింది. "ఈయప్ప నిష్ఠకు లోపం లేదు మేడం. తిన్న ప్రతిసారీ కూసుంటాడు. బిర్యానీ తిన్న దినమైతే గంటసేపు లేయడు."

నేను పెన్ను కింద పెట్టేశాను. తిన్న ప్రతిసారీనా అని అడిగాను. తినడానికి ముందు కాదా అని అడిగాను. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు.

"బజ్జీకి పది నిమిషాలు మేడం," అన్నాడు చెంగల్రాయులు. "మైసూర్‌పాక్ అయితే ఇరవై. జాతర నాడు చెల్లెలింట్లో కోడికూర, పాయసం రెండూ అయినాయి, అందుకే ఆ దినం అంతసేపు పట్టింది."

"ఈ లెక్క నీకు ఎవరు చెప్పారన్నా?"

"ఒకరు చెప్పేదేముండాది? తప్పు జరిగినాక పరిహారం చేసుకోవాల గదా. తప్పు పెద్దదైతే పరిహారమూ పెద్దదే. యావ పుట్టినాది అని నాకు తెలిసేటప్పటికి బజ్జీ కడుపులో ఉంటాది. అప్పుడు యాడికక్కడ కూసుండిపోతాను."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కోపం ఆయన మీదో, నా మీదో, బజ్జీల బండి మీదో తెలియలేదు. మూడు నెలలు. పుండున్న కాలితో, గడువు పెట్టిన కాలితో, ఈ మనిషి మూడు నెలలపాటు బజ్జీ తినడం, కళ్ళు మూసుకుని కరిగించుకోవడం, కరిగిపోయిందన్న ధైర్యంతో ఇంకో బజ్జీ తినడం. ధ్యానం ఆయన తిండిని తగ్గించలేదు, తిండికి లైసెన్స్ ఇచ్చింది. అంతకుముందు తింటే భయపడేవాడు, ఇప్పుడు ఆ భయం కూడా పోయింది. నేను చప్పట్లు కొట్టించిన దగ్గర్నుంచి మరీ పోయింది.

ఆలోచిస్తే అందులో వింత కూడా లేదు. శ్రీకాళహస్తి మాకు గంట దూరం. జాతకంలో దోషం ఉంటే అక్కడ పూజ చేయించుకుంటే పోతుందని నమ్మే ఇళ్ళల్లోనే మేమంతా పుట్టి పెరిగాం. నా పెళ్ళికి ముందు మా అమ్మ నన్నూ తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఏదైనా జరిగిపోయాక దాన్ని సరిచేసుకునే పద్ధతి మాకు ఒంట్లో ఉంది. కళ్ళు మూసుకుని నిష్ఠగా కూర్చోమని చెబితే మా వాళ్ళకు అది పరిహారంలా కాక ఇంకెలా కనబడుతుంది? ఇది చెన్నైలో నేర్పినవాళ్ళకు తెలియకపోవచ్చు. నాకు తెలిసి ఉండాల్సింది.

అయినా ఆ పూట నేను అంత శాంతంగా ఏమీ ఆలోచించలేదు. ఆయన్ని గట్టిగా తిట్టాను. రక్తంలోకి పోయిన చక్కెర నువ్వు కళ్ళు మూసుకుంటే ఎక్కడికి పోతుందన్నా, ఏ దేవుడు వచ్చి తీసుకుపోతాడు అని అడిగాను. కనకమ్మ ముందు అంత మాట అనకూడదు, అనేశాను. తర్వాత అటెండర్ చేత వీధి చివర నుంచి నాలుగు మిరపకాయ బజ్జీలు తెప్పించి, కాగితం విప్పి ఆయన ముందు పెట్టాను. ఇప్పుడు కూర్చో, తినకుండా కూర్చో అన్నాను.

కూర్చున్నాడు. బస్తాల వెనక గంటలు గంటలు కదలని మనిషి రెండు నిమిషాలకే కదిలాడు. మూడో నిమిషానికి నుదుటి మీద చెమట. కనురెప్పలు అదురుతున్నాయి. చేయి రెండుసార్లు ఒళ్ళోంచి లేచి మళ్ళీ పడింది. ఐదు నిమిషాలు అయ్యాయని చెప్పగానే కళ్ళు తెరిచి, ఒక బజ్జీ తీసి, సగం తుంచుకుని తిని, మిగతా సగం కాగితంలో పెట్టి దూరంగా జరిపాడు.

"ఇది అది కాదు మేడం," అన్నాడు. "తిన్నాక కూసుంటే నిమ్మళంగా ఉంటాది. ముందర కూసుంటే ఒళ్ళంతా మండతాది. ఇంత కష్టమని మీరు చెప్పలేదు."

చెప్పలేదు. ఎందుకంటే నేనెప్పుడూ అలా కూర్చోలేదు. శిక్షణలో ద్రాక్షపండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ద్రాక్ష మీద నాకు యావ లేదు.

తర్వాతి బుధవారం బ్యాచ్ మొత్తాన్ని ఒక్కొక్కరినీ అడిగాను, ఎప్పుడు కూర్చుంటున్నారు అని. పన్నెండు మందిలో నలుగురు తిన్నాకే కూర్చుంటున్నారు. చెంగల్రాయులు దగ్గరే నేర్చుకున్నారట, నేనే కదా నేర్చుకోమన్నది. అది మామిడిపండ్ల కాలం. రిటైరైన హెడ్‌మాస్టరమ్మ ఒకావిడ, చదువుకున్న మనిషి, చేతిలో పుస్తకంతో నా దగ్గరకు వచ్చి, "చెంగల్రాయులు మామిడిపండుకు పావుగంట చెప్పినాడు మేడం, పెద్దకాయ అయితే అది సరిపోతాదా?" అని అడిగింది. నేను ఆ పుస్తకాలన్నీ వెనక్కి తీసేసుకున్నాను.

జూన్ నుంచి చెంగల్రాయులు ముందర కూర్చోవడం మొదలుపెట్టాడు. బజ్జీల బండికి వీపు పెట్టి, గేటు పక్కన రాయి మీద ఐదు నిమిషాలు. కొన్నిసార్లు లేచి లారీ దగ్గరికి పోయాడు, కొన్నిసార్లు లేచి బండి దగ్గరికి పోయాడు. అబద్ధం చెప్పలేదు, తిన్న రోజు తిన్నానని రాశాడు. మూడు తిన్నచోట ఒకటి తిన్నాడు. వేలు పొడిచి చూసే షుగర్ అంకెలు నెమ్మదిగా దిగడం మొదలైంది. నా ఒంట్లోకి ప్రాణం వచ్చింది.

కానీ పుండు మన కోసం ఆగదు. ఆ మూడు నెలల్లో అది లోపలికి పోయి ఎముకకు తగిలింది. జూలైలో జ్వరంతో వచ్చాడు. ఎడమ కాలి బొటనవేలు, పక్క వేలు తీసేశారు. షుగర్ దిగుతూ ఉండబట్టి పాదం నిలిచిందని సర్జన్ అన్నారు. మూడు నెలల ముందు దిగి ఉంటే అని ఆయన అనలేదు. నేను అనుకున్నాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు వార్డుకు వెళ్ళాను. నిజం చెప్పాలంటే లోపల ఇంకా కోపంగానే ఉన్నాను. చెప్పినట్టు విని ఉంటే ఈ మంచం మీద పడుకునేవాడివా అని ఒక మాట నాలుక చివర పెట్టుకునే వెళ్ళాను. కనకమ్మ మందులకు కిందికి వెళ్ళింది. ఆయన దిండుకు ఆనుకుని కట్టు కట్టిన కాలు చూసుకుంటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. పాదం నిలిచింది కదా మేడం, బాధపడొద్దు అని ఆయనే నాకు చెప్పాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఒక్క మాట అనుకుంటా ఉండా మేడం. ఆ మూడు నెలల్లో ఎప్పుడు కూసుంటావప్పా అని మీరు ఒక్కసారి అడిగింటే చెప్పింటా గదమ్మా. నేను దాచిపెట్టింది ఏం లేదు."

నిందగా అనలేదు. తెచ్చుకున్న మాట అలాగే మింగేసి, కనకమ్మ వచ్చాక కిందికి దిగాను. గదికి వెళ్ళి ఆయన ఫైలు తీశాను. ఐదు బుధవారాల తేదీల పక్కన నా చేతిరాతతో కంప్లయన్స్ గుడ్ అని ఐదుసార్లు ఉంది. ఆ ముక్క రాసిన ప్రతిసారీ నా పని అయిపోయిందని నిమ్మళంగా ఇంటికి వెళ్ళాను. ఆయన గోనెసంచి మీద కూర్చుని పొందిన నిమ్మళం లాంటిదే అది కూడా. ఆయన మీద కోప్పడ్డానికి ఇక నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు నా గదిలో ధ్యానం గురించి ఉపన్యాసం ఉండదు. ఏది చూస్తే ఆగలేరో అది తెచ్చుకోమంటాను. బల్ల మీద పెట్టించి, నా ఎదుటే కూర్చోబెడతాను. ఓళిగలు, బోండాలు, హల్వా, నా గది అంతా మిఠాయి అంగడి వాసన వేస్తుంది, పెద్ద డాక్టర్‌గారు ముక్కు మూసుకుని పోతారు. నన్ను విసిగించడం ఎవరూ మానలేదు. పోయిన వారం ఒకాయన తెచ్చుకోమంటే దోసకాయ ముక్కలు తెచ్చాడు. దీన్ని చూసేనా నువ్వు ఆగలేనిది అని అడిగితే, మీ ముందు పెట్టుకోవడానికి ఇదే మర్యాదగా ఉంటుందనుకున్నా అన్నాడు. తిట్టి పంపి, రేపు మైసూర్‌పాక్‌తో రమ్మన్నాను.

చెంగల్రాయులు గోడౌన్‌లోనే ఉన్నాడు. నిలబడే పని పోయింది, గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లారీల నంబర్లు రాసుకుంటాడు. జీతం కూడా కొంత తగ్గింది. మూడు నెలలకొకసారి మెత్తటి చెప్పుల్లో కొంచెం ఒరిగి నడుస్తూ నా గదికి వస్తాడు. ఎప్పుడు కూర్చున్నావన్నా అని అడుగుతాను. కొన్నాళ్ళు ముందర, కొన్నాళ్ళు కూర్చోకుండానే తినేసినా అని చెబుతాడు. అడిగిన ప్రతిసారీ ఉన్నది ఉన్నట్టే చెబుతాడు. అప్పుడు అడిగినా చెప్పి ఉండేవాడే.